పాకము మారినంత స్వభావము మారునా?

"గంజాయివనములో తులసిమొక్క" యను సామెత తెలుగునాట పసివారికిని తెలిసినదే. దుష్టసాంగత్యము నడుమ చెడక నిలిచిన సజ్జనునిగూర్చి పెద్దలు ఈ మాట వాడుదురు. ఆ సామెతలోని రెండును ఆకులే. రెండును ఒకే నేలలో పుట్టి, ఒకే వాననీటిని త్రాగి, ఒకే యెండలో పెరుగగలవి. ఒకదానిని భగవంతుని పాదములయందుంచి తీర్థముతో స్వీకరింతుము. రెండవదాని పేరు పలుకుటకే గృహస్థుడు సంకోచించును. అయితే ఆ రెండవ యాకునే చక్కెరపాకమున ముంచి, ఏలకుల పొడి చల్లి, వెండిరేకు అద్ది, పళ్ళెములో నెదుట నుంచినచో దానిని గంజాయి యాకందుమా, మిఠాయి యందుమా? ఈ ప్రశ్న వినుటకు వేడుకగా నుండును గాని, దీనియందొక ధర్మసూక్ష్మము గలదు. రూపమును రుచిని మార్చినంతమాత్రమున వస్తువు స్వభావము మారునా? మారనియెడల, మారినట్లు కనబడజేసినవాని బాధ్యత యెట్టిది?

మొదట వస్తువును తెలిసికొనుట యుక్తము. సంస్కృత వైద్యగ్రంథములలో భంగ యనియు, విజయ యనియు పేర్కొనబడిన మొక్క యిదియే. దీని పూతనుండి లభించునది గంజాయి. జిగురునుండి లభించునది చరస్. ఆకునుండి తయారగునది భంగు. కాశీ, మథుర మొదలగు ఉత్తరదేశ క్షేత్రములలో హోలీ పండుగనాడు ఈ యాకును మెత్తగా నూరి, పాలు, బాదముపప్పు, సోపు, మిరియములతో కలిపి ఠండాయిగా త్రాగుదురు. నేతిలో ఉడికించి చక్కెరపాకము చేర్చి బిళ్ళలుగా కోసిన మిఠాయిని మాజూన్ అందురు. విదేశములలో కొందరు ఆకును ఆకుగానే చక్కెర పూతపెట్టి ఆరబెట్టి తినుబండారముగా చేయుచున్నారు. రూపములు వేరైనను వీనియందలి యుక్తి యొక్కటే. చేదుగను వెగటుగను ఉండు ఆకును నాలుక యెదిరింపకుండునట్లు తీపిలో దాచుటయే ఆ యుక్తి.

ఈ యాకు విషయమున మన దేశపు చట్టము చేసిన విభాగము కూడ గమనింపదగినది. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము జిగురును, పూతను నిషేధించినది గాని, పూత కలియని విడి యాకును, గింజలను గంజాయి నిర్వచనమున చేర్చలేదు. అందుచే కాశీలోను, రాజస్థానమునందలి జైసల్మేరులోను ప్రభుత్వానుమతి గల అంగళ్ళలో భంగు అమ్ముచున్నారు. పూతగాని జిగురుగాని కలిపిన మిఠాయి చట్టమునకు చిక్కును. అయినను చట్టము విధించునది దండమునకు హద్దు. శాస్త్రము విధించునది చిత్తమునకు హద్దు. ఏది దండార్హము కాదో అదియెల్ల ధర్మ్యమని తలచుట పొరపాటు. పరుషవాక్యమునకు, కృతఘ్నతకు ఏ న్యాయస్థానమును శిక్ష వేయదు. అంతమాత్రమున అవి సద్గుణములు కానేరవు.

ఇక పాకము వలన ఆకు స్వభావమున కలుగు మార్పు ఎంత? శార్ఙ్గధరసంహిత ద్రవ్యముల గుణములను విభజించుచు, కొన్నిటికి వ్యవాయి యని పేరుపెట్టినది. అన్నము మొదట జీర్ణమై, రసముగా మారి, క్రమముగా శరీరమున చేరును. వ్యవాయి ద్రవ్యము అట్లు కాక, ముందు శరీరమంతయు వ్యాపించి, పిమ్మట పాకము చెందును. దీనికి ఆ గ్రంథకర్త చూపిన ఉదాహరణములు రెండు: భంగ, నల్లమందు. భావప్రకాశమున భావమిశ్రుడు ఈ భంగ జఠరాగ్నిని పెంచునని చెప్పుచునే, మోహమును, మదమును, వాచాలత్వమును కూడ పెంచునని చెప్పినాడు. ప్రాచీనులు గుణమును దాచలేదు, దోషమును దాచలేదు.

ఆధునిక రసాయనశాస్త్రము చెప్పునదియు దీనికి విరుద్ధము కాదు. ఆకునందలి మత్తుపదార్థము పచ్చిగా నున్నప్పుడు ఆమ్లరూపమున నిద్రాణమై యుండును. వేడి తగిలినప్పుడు ఆ రూపము విడిచి మత్తు కలిగించు రూపము పొందును. అది నేతిలో కరగును, నీటిలో కరగదు. కావుననే పూర్వులు దీనిని నేతితోను, పాలతోను కలిపిరి. చక్కెర దానిని తగ్గించునది కాదు, చంపునది కాదు. చక్కెర మార్చునది ఒక్కటే: నాలుక తీర్పు.

నాలుక తీర్పు సామాన్యమైనది కాదు. పసిబిడ్డ చేదును ఉమ్మివేయును. ఆ బిడ్డకు ఎవ్వరును నేర్పలేదు. శరీరమను కోట వాకిట భగవంతుడు నిలిపిన కావలివాడు రసనేంద్రియము. శత్రువును మిత్రవేషమున లోనికి పంపుటయనగా కావలివానిని మోసగించుటయే. పైగా ఈ ద్రవ్యము తినినవెంటనే పని చూపదు. అరగంట, గంట, ఒక్కొక్కప్పుడు రెండుగంటలు గడచిన పిమ్మట మత్తు పైకి తేలి, ఆరేడుగంటలు నిలుచును. మొదటి బిళ్ళ తిని "ఏమియు కాలేదే" యని రెండవది, మూడవది తినినవాడు పిమ్మట భయముతో, గుండెదడతో, దిక్కుతెలియక పడియుండును. చేదుగనే యుండినచో మొదటి ముద్దయే చాలునని నాలుక చెప్పియుండెడిది.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. వైద్యుడును మందును తీపిలో పెట్టియే యిచ్చుచున్నాడు గదా! లేహ్యములన్నియు పాకము పట్టినవే. విజయ చేర్చిన మదనమోదకమును ఆయుర్వేదమే చెప్పినది. అట్లయిన తీపియందు దోషమేమి? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి సమాధానము విచారించినప్పుడే విషయము తేటపడును.

వైద్యుడు విజయను వాడుటకు ముందు శోధన చేయును. ఆకును నీటిలో మరల మరల కడిగి, పచ్చదనము పోవువరకు పిండి, ఆరబెట్టి, ఆవునేతిలో వేయించును. రోగిని చూచును, వయస్సును, బలమును, కాలమును, జఠరాగ్నిని చూచును, మాత్రను నిర్ణయించును. ఇది ఔషధమనియు, ఇంతకు మించి తినరాదనియు రోగితో చెప్పును. తేనె అతని చేతిలో అనుపానము. వంచకుని చేతిలో అదియే ముసుగు. ఇద్దరి చేతిలోను తీపి యొక్కటే. భేదము రెండు విషయములయందున్నది: ఒకటి మాత్ర, రెండవది మాట. మాత్రయు మాటయు ఉన్నచోట తీపి దయ యగును. ఆ రెండును లేనిచోట అదే తీపి వంచన యగును. కావున దోషము చక్కెరయందు లేదు, దాచుటయందున్నది.

రెండవ ఆక్షేపణ ఆచారమును బట్టి వచ్చునది. మథుర చెంతనున్న బలదేవ గ్రామమున దావూజీ యను పేర వెలసిన బలరామస్వామికి భంగు నివేదించు ఆచారము కలదు. అది వైష్ణవక్షేత్రమే కదా యని అడుగవచ్చును. దానికి బదులు పెద్దలు ఎన్నడో చెప్పియున్నారు. ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క సంప్రదాయము. అది ఆ స్థలమునకు, ఆ దేవునకు, ఆ పరంపరకు కట్టుబడి యుండును. ఆ ఆచారమును నిందించుట పరులకు తగదు; దానిని చూపి తన యింటి అలవాటునకు ముద్ర వేసికొనుటయు తగదు. పైగా అచ్చట జరుగునది బహిరంగముగా జరుగుచున్నది. ఏమి నివేదించుచున్నారో అందరకు తెలియును. దాచిపెట్టిన మిఠాయికి ఆ క్షేత్రాచారము సాక్ష్యము కానేరదు.

ఆంగ్లేయుల కాలమున 1893లో నియమింపబడిన విచారణసంఘము, మరుసటి సంవత్సరము సమర్పించిన నివేదికలో, మితముగా సేవించువారికి సాధారణముగా చెప్పదగిన హాని లేదనియు, అతిగా సేవించువారికి హాని కలదనియు తేల్చినది. ఈ మాటను దాచవలసిన పనిలేదు. అయితే మితమను మాట పలుకుటకు సేవించువానికి తాను సేవించుచున్నది ఏమిటో, ఎంతయో తెలియవలెను. మిఠాయి యని తినువానికి మితమెక్కడిది?

ఇంతవరకు శరీరమునుగూర్చిన మాట. వైష్ణవునకు ఇంతకంటె ముఖ్యమైన విచారము మరియొకటి కలదు. ఛాందోగ్యోపనిషత్తున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశమున, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, అంతఃకరణము శుద్ధమైనచో చెదరని స్మృతి కలుగుననియు, ఆ స్మృతివలన హృదయగ్రంథులన్నియు విడిపోవుననియు చెప్పబడినది. శంకరభగవత్పాదులు ఆహారమనగా ఇంద్రియములు లోనికి గొనివచ్చు విషయములన్నియు అని వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున, వాక్యకారులు చెప్పిన సాధనసప్తకమును వివరించుచు, మొదటిదగు వివేకమును అన్నశుద్ధిగనే నిరూపించిరి. అన్నమునకు మూడు విధముల దోషము రావచ్చును. పదార్థముయొక్క స్వభావమువలన వచ్చునది జాతిదోషము. ఇచ్చువాని నడవడివలన వచ్చునది ఆశ్రయదోషము. మధ్యలో కలిసిన మాలిన్యమువలన వచ్చునది నిమిత్తదోషము. ఈ మూడును లేని అన్నమువలన కలుగు కాయశుద్ధియే వివేకము.

పాకము పట్టిన ఈ యాకును ఆ మూడు తక్కెడలలోను తూచి చూడవచ్చును. మోహమును పెంచుట ఆకు స్వభావమని వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. ఇది మొదటి దోషమునకు చేరును. తెలుపక ఇచ్చువాని చిత్తమున వంచన యున్నది, ఇది రెండవది. మంచి పాలు, మంచి నేయి, మంచి చక్కెర యుండిన పళ్ళెమున పరద్రవ్యము కలిసినది, ఇది మూడవది. ఎవ్వరైన మొదటిదానిగూర్చి వాదింపవచ్చును గాని, రెండవదానిని సమర్థింపజాలరు.

ఆ సాధనసప్తకమున చివరి రెండింటి పేర్లు అనవసాదము, అనుద్ధర్షము. దుఃఖమున క్రుంగిపోకుండుట అనవసాదము. సంతోషమున ఉబ్బిపోకుండుట అనుద్ధర్షము. భక్తుని మనస్సు ఈ రెండు గట్టుల నడుమ ప్రవహింపవలెను. మత్తుపదార్థము చేయునదేమి? మొదట కారణములేని నవ్వును, ఉబ్బును తెచ్చును. అది దిగినపిమ్మట మాంద్యమును, క్రుంగుబాటును మిగుల్చును. ఆచార్యులు ఏ రెండు గట్టులను కట్టిరో ఆ రెండింటిని ఒక్క పూటలో త్రెంచును. తైలధారవలె తెగని భగవత్స్మరణమే భక్తియని రామానుజసిద్ధాంతము. మత్తులో నున్నవాడు తాను మొదలుపెట్టిన వాక్యమును ముగించులోపల మొదలు మరచును. వాక్యమునే నిలుపుకొనలేనివాడు నామమును ఎట్లు నిలుపుకొనును? స్మృతి చెదరినచో బుద్ధి నశించునని, బుద్ధి నశించినచో మనుష్యుడే నశించునని గీతాచార్యుడు హెచ్చరించినాడు. కొందరు మత్తువలన ధ్యానము కుదురునని చెప్పుదురు. కదలకుండుట ధ్యానము కాదు. నిద్రించువాడును కదలడు.

తెలియక మ్రింగుటవలన ఎంతవారికి ఎట్టి ముప్పు కలుగునో భారతమున కచుని కథ చెప్పుచున్నది. నన్నయభట్టారకుడు ఆదిపర్వమున ఆ కథను తెలుగువారికందరకు అందించెను. బృహస్పతి కుమారుడైన కచుడు మృతసంజీవనీవిద్యకై శుక్రాచార్యుని శిష్యుడయ్యెను. అసురులు అతనిని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి ఆచార్యునకే ఇచ్చిరి. చచ్చినవారిని బ్రతికింపగల విద్య తెలిసిన మహనీయునకు తన కడుపులో నున్నదేమిటో తెలియలేదు. శిష్యుడు తన యుదరమునుండి పలికినప్పుడు గాని ఆయనకు తెలివి రాలేదు. అంతట ఆ గురువు తన అనుభవమునే శాసనముగా మార్చి, సురాపానమును మహాపాతకముగా కట్టడిచేసెను. ఈ కథలో రెండు నేరములున్నవి. కలిపి యిచ్చినది అసురుల నేరము. ఇచ్చినదెల్ల త్రాగునంత మైమరపు గురువు నేరము. శుక్రుడు తన నేరమును ఒప్పుకొని హద్దు గీచెను గనుకనే పూజ్యుడయ్యెను.

"వేడుకకు చేసితిమి, ద్వేషముతో కాదు" అను మాట ఇట్టి సందర్భములలో తరచు వినబడును. పండుగనాడు అతిథికి చెప్పక భంగు తినిపించి, అతడు తడబడుచుండగా నవ్వుట కొన్నిచోట్ల సరదాగా చెల్లుచున్నది. దీనికి భాగవతము ఏకాదశస్కంధమున బదులు చెప్పుచున్నది. యాదవకుమారులు సాంబునకు స్త్రీవేషము వేసి, గర్భవతి యని చెప్పి, ఋషులను పరిహసించిరి. అదియు వేడుకయే. అందుండి ముసలము పుట్టెను. ఆ ముసలమును అరగదీసి సముద్రమున కలిపిన పొడి తీరమున తుంగగా మొలచెను. పిమ్మట ప్రభాసతీర్థమున యాదవులు దానములు చేసిరి, బ్రాహ్మణులను పూజించిరి, చివర మైరేయమను మధురమైన మద్యమును త్రాగిరి. త్రాగునప్పుడు అది తీయగనే యుండెను. బుద్ధి చెదరినవెంటనే తండ్రి కొడుకును, అన్న తమ్ముని ఎరుగక ఆ తుంగతోనే ఒకరినొకరు చంపుకొనిరి. సాక్షాత్తు శ్రీకృష్ణుని బంధువులు, ఆయన సమక్షముననే, పుణ్యతీర్థముననే, దానధర్మములు చేసిన పిమ్మటనే! క్షేత్రము మత్తును పవిత్రము చేయలేదు. బంధుత్వము మత్తునుండి కాపాడలేదు. వేడుకగా ఆడిన వంచనయు, తీపిగా త్రాగిన మత్తును కలిసి వంశమునే తుడిచివేసినవి.

నేటి కాలమున ఈ కథ పురాణముగా మాత్రమే నిలిచియుండలేదు. 2024లో హైదరాబాదు పరిసరములలో గంజాయి కలిపిన చాక్లెట్లను అధికారులు పట్టుకొనిన వార్తలు పత్రికలలో వచ్చినవి. చాక్లెట్ అనునది పసివాడు చేయి చాపి అడుగు వస్తువు. పొగగా వచ్చునప్పుడు ఆ దుర్గంధమైన తల్లికి తెలియును. తీపిగా వచ్చునప్పుడు తల్లియే తన చేతితో కాగితము విప్పి యిచ్చును. విదేశములలో ఈ ద్రవ్యమునకు అనుమతి యిచ్చిన ప్రభుత్వములు కూడ ఈ ప్రమాదమును గుర్తించినవి. కెనడా దేశము 2018లో దీనిని అనుమతించి, తినుబండారములను మాత్రము మరుసటి సంవత్సరము అక్టోబరు వరకు ఆపినది. పిమ్మట ఒక్కొక్క పొట్లములో మత్తుపదార్థము 10 మిల్లీగ్రాములకు మించరాదనియు, పసివారు విప్పలేని కట్టు ఉండవలెననియు, హెచ్చరిక ముద్రింపవలెననియు నిబంధన చేసినది. పిల్లలు ఆ దేశములలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు అచ్చటికి వెళ్ళినప్పుడు బల్లమీద నున్న ప్రతి మిఠాయిని నోట వేసికొనుటకు ముందు అడుగుట మంచిది. అడుగుట అవమానము కాదు.

అనుమతించిన దేశమే మాత్రను, మాటను తప్పనిసరి చేసినదనగా, ధర్మము ఎచ్చటనైనను ఒక్కటియే యని తెలియుచున్నది. తిరుమల యాత్ర చేసినవారు దిట్టమను మాట వినియుందురు. శ్రీవారి పోటులో తయారగు ప్రసాదమునకు ఏ సరకు ఎంత పడవలెనో ఆ దిట్టము నిర్ణయించును. లడ్డులో శనగపిండి ఎంత, చక్కెర ఎంత, నేయి ఎంత, జీడిపప్పు ఎంతయను లెక్క అందు కలదు. దేవునకు పెట్టు పదార్థమునకు మరుగు లేదు. ప్రసాదమును కన్నులు మూసికొని స్వీకరించుటకు భక్తునకు గల ధైర్యము ఆ తేటదనమునుండియే వచ్చినది. ప్రతి గృహస్థుని వంటయిల్లును ఒక చిన్న పోటువంటిదే. అతిథికి పెట్టు ప్రతి ముద్దకు నోటిమాటగానైనను దిట్టముండవలెను. "ఇందులో ఇది కలదు" అని చెప్పలేని వస్తువును పెట్టకుండుటయే అన్నదానధర్మము.

పొరపాటున ఇంటిలో ఎవ్వరైనను అట్టిదానిని తినినప్పుడు, ముఖ్యముగా పసివారు తినినప్పుడు, పరువునకు వెరచి దాచుట రెండవ పాపము. వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోయి ఉన్నదున్నట్లు చెప్పవలెను. మొదటి వంచన పరులు చేసినది. రెండవది మనము చేయునది. అలవాటుపడిన కుమారునియెడ సైతము తలుపు మూయుట ధర్మము కాదు. తెలిసి తినినవాడు తప్పు చేసినవాడే. అయినను స్మృతి చెదరినవానికి స్మరణ నేర్పవలసినది ఇంటివారే. వైద్యమును, ఓర్పును, నామమును కలిపి యిచ్చినప్పుడు తేరుకొనువారు కలరు.

మొదట చేదుగా నుండి తుదకు అమృతమగు సుఖము సాత్త్వికమనియు, మొదట అమృతమువలె నుండి తుదకు విషమగునది రాజసమనియు, మొదటను తుదను మోహమునే కలిగించునది తామసమనియు భగవంతుడు గీతలో విభజించెను. పాకము పట్టిన ఆకు నాలుకపై రాజసము, తలలో తామసము. దాని తీపి దానిది కాదు, అరువు తెచ్చుకొనినది.

తులసీదళమునకు ఎవ్వరును చక్కెర పూయలేదు. అది ఘాటుగా, ఒకింత కారముగా ఉన్నట్లే స్వామి పాదములకు చేరినది. ప్రేమతో ఇచ్చిన ఆకునైనను స్వీకరింతునని పలికిన దేవుడు ఆ యాకునకు పాకము పట్టుమని కోరలేదు. ఉన్నది ఉన్నట్లు తెచ్చి, ఉన్నది ఉన్నట్లు చెప్పి ఇచ్చుటయే ఆ యాకునకు చాలిన తీపి. మన యింట పళ్ళెములో పెట్టునది పండైనను, పప్పైనను, ఆకైనను, పేరు చెప్పి స్వామిముందు ఉంచదగినదై యుండుగాక!

శ్రీకృష్ణార్పణమస్తు.